విశాఖతో కాదు, మల్కన్‌గిరితో పోల్చండి

ర్యాంకులంటే మనకు మోజు. ఇంటర్ ఫలితాల నుంచి స్వచ్ఛ నగరాల దాకా ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది తేలితే తప్ప మనసు కుదుటపడదు. 2018లో ఆ మోజు వెనుకబడిన జిల్లాలకూ పాకింది. ఆ ఏడాది జనవరిలో కేంద్ర ప్రభుత్వం వందకు పైగా జిల్లాలను ఎంపిక చేసి, వాటికి ‘ఆకాంక్షిత జిల్లాలు’ అని పేరుపెట్టింది. నెల నెలా మార్కులు, ర్యాంకులు ఇచ్చే బాధ్యత నీతి ఆయోగ్‌ది. మొత్తం మార్కుల్లో 30 శాతం ఆరోగ్యం, పౌష్టికాహారానివే. మార్చిలో విడుదలైన తొలి జాబితాలో ఆంధ్రప్రదేశ్‌లోని విజయనగరం మొదటి స్థానంలో నిలిచింది. నూహ్‌గా పేరు మార్చుకున్న హర్యానాలోని మేవాత్ అట్టడుగున చేరింది.

ఉద్దేశం మంచిదే. ఢిల్లీ పట్టించుకోని జిల్లాలను ప్రతినెలా గుర్తుచేసుకునే ఏర్పాటు అంతకుముందు లేదు. అయితే విజయనగరాన్నీ మేవాత్‌నూ ఒకే వరుసలో నిలబెడితే తెలిసేదేమిటి? ఒకటి తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న జిల్లా. మరొకటి గుర్‌గావ్‌ను ఆనుకుని ఉన్న మెట్ట ప్రాంతం. వర్షం వేరు, పంట వేరు, వలస వేరు, ఆడపిల్లల చదువు వేరు. రెంటికీ వెనుకబాటు అన్న ముద్ర ఒక్కటే ఉమ్మడి. మేవాత్ వైద్యాధికారి విజయనగరం వెళ్లి చూసినా, తన ఊళ్లో మర్నాటి నుంచి ఏం చేయాలో తెలుసుకుని తిరిగిరావడం కష్టం.

కాబట్టి పోల్చాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. పోల్చకపోతే ప్రతి జిల్లా తన సాకు తాను చెప్పుకుంటుంది. పోలిక ఎవరితో అన్నదే అసలు ప్రశ్న. పేద గ్రామీణ జిల్లాను సంపన్న జిల్లాతో పోలిస్తే సిగ్గుపడటమో, సరిపెట్టుకోవడమో జరుగుతుంది. తనలాంటి మరో పేద జిల్లాతో పోల్చినప్పుడే సాకులు చెల్లవు.

అమెరికా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ మన జిల్లాకు దగ్గరగా ఉండే పాలనా విభాగం కౌంటీ. అలాంటివి మూడు వేలకు పైగా ఉన్నాయి. వాటి మధ్య అంతరాలు మన దగ్గరి అంతరాలకేమీ తీసిపోవు. 2010 నాటి అంచనాల ప్రకారం రాజధాని వాషింగ్టన్ పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 82 ఏళ్లు. పశ్చిమ వర్జీనియాలో బొగ్గు గనులు మూతపడి జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన మెక్‌డొవెల్ కౌంటీలో 64 ఏళ్లు. ఆ 18 ఏళ్ల తేడా దేశం సిగ్గుపడాల్సిన విషయం. కానీ ఆ అంకె చూసి మెక్‌డొవెల్ వైద్యాధికారి చేయగలిగింది శూన్యం. గనులను ఆయన తెరిపించలేడు. వెళ్లిపోయిన యువకులను వెనక్కి రప్పించలేడు.

అందుకే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల సంస్థ కౌంటీలను వాటికి ‘సాటి’ అనదగ్గ కౌంటీలతో పోల్చే పద్ధతిని తెచ్చింది. జనాభా, జనసాంద్రత, పిల్లలు, వృద్ధుల వాటా, ఆదాయం, పేదరికం వంటి 19 అంశాలను లెక్కలోకి తీసుకుని, 2015లో కౌంటీలను 89 బృందాలుగా విడదీసింది. మూతపడ్డ గనుల కౌంటీకి మరో గనుల కౌంటీ, ఎడారి అంచున పశువులు మేపుకునే కౌంటీకి అలాంటిదే మరొకటి ఎదురుగా నిలబడతాయి. ‘మీలాంటి వాళ్లే మీకంటే ఈ విషయంలో మెరుగ్గా ఉన్నారు, ఎలా?’ అని అడగడమే దాని పని. 2010 నుంచి ఏటా కౌంటీలకు ర్యాంకులిస్తూ వచ్చిన మరో ప్రసిద్ధ కార్యక్రమం కూడా 2024లో వరుస అంకెలు వేయడం మానేసింది. దగ్గరి పోలికలున్న కౌంటీలను బృందాలుగా చూపించడం మొదలుపెట్టింది.

ఇదే ప్రశ్నను మన దగ్గర అడగాలంటే శబరి, సీలేరు నదులు కలిసే చోటికి వెళ్లాలి. సంగమం దగ్గరున్న మోటు ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాది. శబరి ఒడ్డునే ఉన్న కుంట పట్టణం ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాది. ఇవతలి పక్క చింతూరు మన్యం ఆంధ్రప్రదేశ్‌ది. కాస్త దూరంలో తెలంగాణకు చెందిన భద్రాచలం. అడవి ఒకటే, వాన ఒకటే, దోమ ఒకటే. మూడు రాష్ట్రాల్లోనూ కోయలున్నారు. సరిహద్దుకు రెండు వైపులా బంధుత్వాలున్నాయి. మావోయిస్టుల ప్రాబల్యం, పోలీసు శిబిరాలు, వానాకాలంలో తెగిపోయే దారులు ఎక్కువో తక్కువో అందరికీ అనుభవమే. వేరుగా ఉన్నది ప్రభుత్వం ఒక్కటే. ఆరోగ్య శాఖ పనితీరును అంచనా వేయడానికి ఇంతకంటే మంచి పోలిక దేశంలో దొరకడం కష్టం.

విచిత్రమేమిటంటే మన గణాంకాలు ఈ పోలికకు అవకాశమే ఇవ్వవు.

మొదటి కారణం సగటు. దేశంలో జిల్లా స్థాయి ఆరోగ్య వివరాలకు ప్రధాన ఆధారం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2015-16లో జరిగిన నాలుగో సర్వే తొలిసారి దేశంలోని 640 జిల్లాలకూ విడివిడిగా వివరాలిచ్చింది. 2019-21 నాటి ఐదో సర్వేలో జిల్లాల సంఖ్య 707కు పెరిగింది. రెండు సర్వేల్లోనూ పాడేరు మన్యం విశాఖపట్నం జిల్లాలో భాగం. 2011 లెక్కల ప్రకారం ఆ ఉమ్మడి జిల్లా జనాభా 43 లక్షలు. అందులో 11 మన్యం మండలాల జనాభా సుమారు 6 లక్షలు, అంటే 14 శాతం.

ఒక ఉదాహరణ తీసుకోండి. మైదానంలో, నగరంలో ఆస్పత్రి కాన్పులు 95 శాతం, మన్యంలో 60 శాతమే అనుకుందాం. జిల్లా సగటు ఎంత వస్తుంది? 90 శాతం. కాగితం మీద అది భేషైన జిల్లా. మన్యంలో ప్రతి పది మంది తల్లుల్లో నలుగురు ఇంటి దగ్గరే కాన్పయ్యారన్న సంగతి ఆ 90లో ఎక్కడా కనిపించదు. పైగా ఐదో సర్వేలో ఒక్కో జిల్లాకు సగటున 900 ఇళ్లే వచ్చాయి. జనాభా వాటా ప్రకారం చూస్తే మన్యం వంతు 130 ఇళ్ల లోపు. కొండల మీద వందల గూడేలున్న ప్రాంతం గురించి అంత చిన్న నమూనాతో విడిగా ఏమీ చెప్పలేం.

రెండో కారణం సరిహద్దులు. చింతూరు 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉంది. రాష్ట్ర విభజనతో తూర్పు గోదావరిలో కలిసింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలను 26 చేసినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. 2025 చివర్లో రంపచోడవరం కేంద్రంగా ఏర్పాటైన పోలవరం జిల్లాలో చేరింది. అంటే ఒక్క ఇల్లు కదలకుండా పన్నెండేళ్లలో నాలుగు జిల్లాలు చూసింది. ఐదో సర్వే నాటికి చింతూరు పిల్లల బరువు కోనసీమ పిల్లల బరువుతో కలిసి తూర్పు గోదావరి సగటులో కరిగిపోయింది. తెలంగాణలోనూ 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. నాలుగో సర్వే నాటి ఖమ్మాన్ని ఐదో సర్వే నాటి ఖమ్మంతో పోల్చి ‘మెరుగుపడింది’ అని ప్రకటించే అధికారి, నిజానికి రెండు వేర్వేరు భూభాగాలను పోలుస్తున్నట్లు లెక్క.

కొత్త జిల్లాల వల్ల ఒక మేలు జరిగింది. మన్యం మొదటిసారి సొంత పేరుతో లెక్కల్లోకి ఎక్కే వీలు కలిగింది. విశాఖ నగరం చాటున దాక్కునే అవకాశం పోయింది. కానీ పాత లెక్కలతో తెగిన సంబంధాన్ని ఎవరో ఒకరు మండలాల వారీగా తిరిగి అతకాలి. లేకపోతే జిల్లా కొత్తది కనుక పాత వైఫల్యాలు తమవి కావని చెప్పుకునే సౌకర్యం మిగులుతుంది.

మూడోది జనాభా. ఏ ఆరోగ్య సూచిక అయినా ఒక భిన్నం. పైన కేసులు, కింద జనం. కింద వేయాల్సిన అంకె మనకు 2011 తర్వాత తెలియదు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడుతూ వచ్చి, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా ఖరారైంది. ఈలోగా అడవిలో జనం కదిలారు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక అప్పటి దంతెవాడ జిల్లా నుంచి వేల మంది గొత్తికోయలు ప్రాణాలు అరచేత పట్టుకుని గోదావరి వైపు వచ్చి అడవుల్లో గూడేలు కట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వారికి గిరిజన గుర్తింపు సమస్యే. చాలా గూడేలకు రెవెన్యూ రికార్డుల్లో చోటు లేదు. వాళ్ల బిడ్డకు మలేరియా వస్తే కేసు లెక్కలో చేరుతుంది. ఆ బిడ్డ మాత్రం జనాభాలో ఉండదు.

ఇక మలేరియా సంగతికే వద్దాం. సాటి జిల్లాల పోలిక ఎంత ఉపయోగమో, ఎంత ప్రమాదమో కూడా అక్కడే తేలుతుంది.

2016లో దేశం మొత్తం మీద నమోదైన మలేరియా కేసుల్లో 40 శాతం ఒక్క ఒడిశావే. ఆ ఏడాది అక్కడ 4.44 లక్షల కేసులు, 77 మరణాలు. 2017లో కేసులు 3.47 లక్షలకు, 2018లో 66 వేలకు తగ్గాయి. మరణాలు నాలుగుకు దిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక సైతం ఈ తగ్గుదలను ప్రస్తావించింది. జరిగిందేమిటి? ఆ రాష్ట్రం 2017లో కోటికి పైగా దీర్ఘకాలం పనిచేసే దోమతెరలు పంచింది. దాంతోపాటు దుర్గమ ప్రాంతాల కోసం ‘దమన్’ అనే కార్యక్రమం పెట్టింది. జ్వరం వచ్చినవాళ్లు ఆస్పత్రికి వస్తారని ఎదురుచూడకుండా, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి సిబ్బందే మారుమూల ఊళ్లకు వెళ్లారు. జ్వరం ఉన్నా లేకున్నా ఊరందరి వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించారు. పాజిటివ్ వస్తే అక్కడికక్కడే మందు మింగించారు.

జ్వరం లేనివాళ్లను పరీక్షించడం ఎందుకన్న సందేహం సహజం. మలేరియా ఏళ్ల తరబడి తిష్ఠవేసిన ఊళ్లలో పెద్దవాళ్ల శరీరం ఆ క్రిమికి కొంత అలవాటుపడుతుంది. ఒంట్లో క్రిమి ఉన్నా జ్వరం రాదు. కానీ వాళ్లను కుట్టిన దోమ పక్కనున్న పసిబిడ్డను కుడుతుంది. ఆ బిడ్డకు అలవాటు ఉండదు. ఛత్తీస్‌గఢ్ 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ పేరుతో ఇదే పద్ధతి మొదలుపెట్టినప్పుడు, తొలి విడతలో పాజిటివ్ తేలినవారిలో సగానికి పైగా ఏ లక్షణమూ లేనివాళ్లే. సాటివాళ్లను చూసి నేర్చుకోవడమంటే ఇదే. బస్తర్‌కు పనికొచ్చే పాఠం రాయపూర్ నుంచి వచ్చేది కాదు. పక్కనే ఉన్న ఒడిశా అడవుల నుంచే రాగలిగింది.

ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. పది లక్షల జనాభా గల రెండు జిల్లాలు ఉన్నాయనుకోండి. మొదటి జిల్లా 3 లక్షల మందిని పరీక్షించి 6 వేల కేసులు పట్టుకుంది. రెండోది 50 వేల మందిని పరీక్షించి 2,500 కేసులు పట్టుకుంది. వెయ్యి జనాభాకు కేసుల చొప్పున ర్యాంకు ఇస్తే మొదటి జిల్లాకు 6, రెండోదానికి 2.5. రెండోదానికి సన్మానం, మొదటిదానికి మెమో. కానీ పరీక్షించినవాళ్లలో ఎందరికి ఉందో చూస్తే మొదటి జిల్లాలో 2 శాతం, రెండోదానిలో 5 శాతం. ఈ శాతాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఊరందరినీ పరీక్షించిన చోట అది సహజంగానే తక్కువగా వస్తుంది. జ్వరపీడితులనే పరీక్షించిన చోట ఎక్కువ వస్తుంది. కాబట్టి మూడూ కలిపి చూడాలి: ఎంతమందిని పరీక్షించారు, ఎవరిని పరీక్షించారు, ఎందరికి వచ్చింది. మూడింటిలో ఒక్క అంకెనే అడిగే ప్రభుత్వం పరీక్షలు తగ్గించమని తన సిబ్బందికి చెప్పకనే చెబుతున్నట్లు.

ఒడిశాను ఆకాశానికెత్తాల్సిన పని కూడా లేదు. 2022 తర్వాత అక్కడ మలేరియా కేసులు మళ్లీ పెరిగాయి. కొన్నేళ్లు దోమతెరలు, శిబిరాలు సాగితే తగ్గే జబ్బు, అవి సడలితే తిరిగి వస్తుంది. ఇంకో చిత్రం చూడండి. రెండు సర్వేల మధ్య ఒడిశాలో రక్తహీనత ఉన్న స్త్రీలు 51 శాతం నుంచి 64 శాతానికి పెరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 60 నుంచి 59కి మాత్రమే తగ్గారు. అదే సమయంలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు ఒడిశాలో 34 నుంచి 31 శాతానికి తగ్గితే, అంతకంటే సంపన్నమైన ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం దగ్గరే ఆగిపోయారు. ఒక్క ర్యాంకు వేస్తే ఈ తేడాలన్నీ చెరిగిపోతాయి. ఎవరి దగ్గర ఏం నేర్చుకోవాలో సూచికను బట్టి మారుతుందన్నది దీని సారాంశం.

కొన్ని సూచికల్లో ఎక్కువ మంచిదో, తక్కువ మంచిదో కూడా వెంటనే చెప్పలేం. ఐదో సర్వేలో తెలంగాణలో 61 శాతం కాన్పులు సిజేరియన్లు. కరీంనగర్ జిల్లాలో 80 శాతం దాటాయి. ఛత్తీస్‌గఢ్‌లో 15 శాతం. కరీంనగర్‌లో అవసరం లేని కోతలు ఎక్కువన్నది స్పష్టం. అలాగని ఏదో ఒక అటవీ జిల్లాలో ఆ శాతం తక్కువగా ఉంటే అది సహజ కాన్పుల ఆదర్శమని మురిసిపోలేం. బిడ్డ అడ్డం తిరిగిన తల్లికి ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం అందుబాటులో లేకపోవడం వల్ల కూడా ఆ అంకె తగ్గుతుంది.

అన్నిటికంటే సున్నితమైనది తల్లుల మరణాల లెక్క. 2018-20 అంచనాల ప్రకారం లక్ష కాన్పులకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, ఒడిశాలో 119, ఛత్తీస్‌గఢ్‌లో 137. ఆస్పత్రి కాన్పులు ఒడిశాలో 92 శాతానికి చేరాక కూడా ఆ అంతరం అంత ఉందంటే, తల్లిని ఆస్పత్రి గుమ్మం దాకా తేవడంతోనే పని పూర్తి కాదన్న మాట. అయితే ఈ అంకెలు రాష్ట్రాలవి. జిల్లాకు దిగితే పరిస్థితి మారుతుంది. ఏటా 10 వేల కాన్పులు జరిగే జిల్లాలో లక్షకు 100 చొప్పున చూస్తే పది మంది తల్లులు చనిపోతారు. ఏ మార్పూ లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఆ సంఖ్య ఒక ఏడాది ఐదు, మరో ఏడాది పదిహేను కావచ్చు. దాన్ని చూసి ఒక కలెక్టరును పొగడటం, మరొకరిని మందలించడం రెండూ అన్యాయమే. అంత చిన్న సంఖ్యల్లో ర్యాంకు కన్నా ఒక్కో మరణం వెనుక కథ ముఖ్యం. ఆమె ఎప్పుడు బయల్దేరింది, డోలీలో ఎన్ని కిలోమీటర్లు మోశారు, అంబులెన్సు ఎక్కడిదాకా రాగలిగింది, మొదటి ఆస్పత్రి ఎందుకు పంపించేసింది, రక్తం ఎప్పుడు దొరికింది?

ఆ కథ తరచూ రాష్ట్ర సరిహద్దు దాటుతుంది. భద్రాచలం ఏరియా ఆస్పత్రికి చింతూరు నుంచే కాదు, సుక్మా, మల్కన్‌గిరి వైపు నుంచీ గర్భిణులు వస్తారు. కాన్పు జరిగిందని అక్కడి రిజిస్టరులో రాసుకుంటే అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఖాతాలో పడుతుంది. అవతలి జిల్లాలో ఆస్పత్రి కాన్పులు తక్కువైనట్లు, ఇవతలి ఆస్పత్రిలో చావులు ఎక్కువైనట్లు కనిపిస్తుంది. నిజానికి ఆ ఆస్పత్రి నాలుగు రాష్ట్రాల బరువు మోస్తోంది. మంచాలు, డాక్టర్ల కేటాయింపు మాత్రం ఒక్క రాష్ట్రం లెక్కన జరుగుతుంది.

సాటి జిల్లాలతో పోల్చడం మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. ‘పేదవాణ్ని పేదవాడితోనే పోల్చితే, పేదల్లో కాస్త మెరుగైనవాడు చాలనుకుంటాడు కదా? చింతూరు బిడ్డకు సుక్మా బిడ్డ కంటే ఒక టీకా ఎక్కువ పడితే చాలా? విశాఖ బిడ్డకున్న హక్కు ఆ బిడ్డకు లేదా?’ ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. రెండు కొలబద్దలు రెండు వేర్వేరు పనులకని ఒప్పుకోవడమే దీనికి జవాబు. పౌరుడికి ఏం రావాలన్నది నిర్ణయించేటప్పుడు కొలబద్ద అందరికీ ఒకటే ఉండాలి. 2030 నాటికి లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 70 లోపుకు తేవాలన్న ఐక్యరాజ్యసమితి లక్ష్యంలో అడవికి మినహాయింపు లేదు. నిధులు, పోస్టులు, రోడ్లు ఆ లెక్కన కేటాయించాలి. ఉన్న వనరులతో అధికారి ఎలా పనిచేశాడన్నది తేల్చేటప్పుడు మాత్రం సాటి జిల్లాయే కొలబద్ద. మొదటిది ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న. రెండోది జిల్లా యంత్రాంగాన్ని అడగాల్సిన ప్రశ్న. ఇప్పుడు మనం రెంటినీ తారుమారు చేస్తున్నాం. వనరులు ఇవ్వని రాష్ట్రం జిల్లాను తిడుతుంది. పని చేయని జిల్లా అడవిని తిడుతుంది.

అడవిని తిట్టే సాకు ఎంత చెల్లుతుందో మల్కన్‌గిరి చూపించింది. బలిమెల జలాశయం కట్టాక ఆ జిల్లాలో 151 ఊళ్లు దశాబ్దాల పాటు బయటి ప్రపంచానికి దూరమయ్యాయి. లాంచీ ఎక్కితే తప్ప ఆస్పత్రి లేదు. 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచారు. ఆ వంతెనను ఏ ఆరోగ్య సూచికలోనూ లెక్కించరు. కానీ అర్ధరాత్రి నొప్పులు వచ్చిన తల్లికి అంతకంటే పెద్ద వైద్య సదుపాయం మరొకటి లేదు. అటువైపు నుంచి చూస్తే, డోలీ మోతలు ఇంకా వార్తలకెక్కే పాడేరు కొండలను గురించి విశాఖతో పోల్చి నిట్టూర్చడం కంటే, ‘మల్కన్‌గిరి వంతెన కట్టగలిగింది, మన రోడ్డు ఏమైంది?’ అని అడగడమే పదునైన ప్రశ్న.

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడిన పనులేమీ కావు. దేశంలోని జిల్లాలను, వీలైతే అంతకంటే చిన్నవైన బ్లాకులు, మండలాలను అడవి, గిరిజన జనాభా, పేదరికం, రోడ్ల దూరం ప్రాతిపదికగా సాటి బృందాలుగా విడదీయాలి. ఆ బృందాల జాబితా, విడదీసిన పద్ధతి బహిరంగంగా ప్రకటించాలి. కేసుల సంఖ్య పక్కనే పరీక్షల సంఖ్య కూడా ముద్రించడం తప్పనిసరి చేయాలి. చిన్న సంఖ్యలకు నెలవారీ ర్యాంకులు మాని, మూడేళ్ల సగటు చూపాలి. సరిహద్దులు మారిన ప్రతిసారీ పాత లెక్కలను కొత్త జిల్లాకు తిరగరాయాలి. కాన్పును ఆస్పత్రి ఉన్న జిల్లా కింద కాకుండా తల్లి ఊరి కింద లెక్కించాలి. ఈ నాలుగు రాష్ట్రాల వైద్యాధికారులు ఏడాదికి రెండుసార్లైనా ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకరి రిజిస్టర్లు ఒకరు చూసుకోవాలి. మావోయిస్టుల కదలికల మీద ఈ రాష్ట్రాల పోలీసులు ఎప్పటి నుంచో సమాచారం పంచుకుంటున్నారు. దోమల మీద పంచుకోవడానికి అడ్డేమిటి?

అన్నిటికంటే ముఖ్యం, నిజం చెప్పినవాళ్లను శిక్షించకపోవడం. గూడెంలో బిడ్డ చనిపోయిందని రాసిన ఆశా కార్యకర్తే సమీక్షా సమావేశంలో నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తే, వచ్చే నెల ఆమె రిజిస్టరులో చావు ఉండదు. జిల్లా ర్యాంకు పెరుగుతుంది. పత్రికల్లో కలెక్టరు ఫొటో వస్తుంది. చనిపోయిన బిడ్డ అమ్మకు మాత్రం తన బిడ్డ ఎందుకు చనిపోయిందో ఎవరూ చెప్పరు. అదే జబ్బు ఆ గూడెంలో ఇంకో ఇంటి తలుపు తడుతుంది.